సున్నా పాయింట్ నాలుగు

విమానం దిగి ఫోన్ ఆన్ చేయగానే మైమూనాకు జోయల్ మెసేజ్ కనిపించింది. మూడే మాటలు. "0.4 కాదు మైమూనా." దాని కింద రెండు మిస్డ్ కాల్స్. తిరిగి ఫోన్ చేస్తే ఎత్తింది పోలీసు. జోయల్ శవం అప్పటికే కోమటి చెరువులోంచి బయటికి తీశారు.

సిద్దిపేటలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినప్పుడు ఇద్దరిదీ ఒకే బ్యాచ్. తర్వాత ఇద్దరూ క్యాడ్-క్యామ్‌లో పడ్డారు. కంప్యూటర్‌లో గీసిన డిజైన్‌ను యంత్రం నడిచే దారిగా మార్చడం వాళ్ళ పని. ఏడేళ్ళ తర్వాత మైమూనా బోర్డు లేని ఒక ఆఫీసులో చేరింది. ఆర్నెల్ల కింద జోయల్‌ను వేగుగా మార్చింది ఆమే.

ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో బ్రీఫింగ్. చీఫ్ సతీశ్ నిలబడే మాట్లాడాడు.

"సిద్దిపేట బయట ఒక వర్క్‌షాప్. యుద్ధ విమానాల ఇజెక్షన్ సీట్లకు లాచ్‌లు, అంటే గొళ్ళాలు చేస్తుంది. నూట ఇరవై లాచ్‌లు, శుక్రవారం మూడు గంటలకు లారీ. ప్రమాదంలో పైలట్ హ్యాండిల్ లాగితే సీటు అతనితో సహా పైకి లేవాలి. లాచ్ విరిగితే లేవదు. ఎవరో వాటిని లోపలి నుంచే చెడగొడుతున్నారు."

"ముఠా ఎవరిది?"

"సరిహద్దు అవతలిది. మన ఫైళ్ళలో పేరు 'పగడం'. ఆ వర్క్‌షాప్‌లో పనిచేస్తూ జోయల్ ఏదో కనిపెట్టాడు. అతని కుర్చీలో నువ్వు కూర్చుంటున్నావు. అక్కడ నీ పేరు యాస్మిన్."

"లారీని ఆపేయొచ్చు కదా సర్?"

"రుజువు లేకుండా ఆపే అధికారం నాకు లేదు. లోపల మన మనిషి ఒకరున్నారు. 'కొండపాక బస్సు పోయిందా?' అని అడుగుతారు. 'హుస్నాబాద్ బస్సు ఉంది' అను."

కెమెరా దాచిన కళ్ళద్దాలు చేతికిచ్చి పంపించాడు.

మంగళవారం మైమూనా జోయల్ కుర్చీలో కూర్చుంది. డ్రాయింగ్ తెరిచింది. లాచ్ లోపలి గాడి మూలలో 0.4 మిల్లీమీటర్ల వంపు ఉండాలని రాసి ఉంది. వంపు లేకుండా మూల పదునుగా ఉంటే బలమంతా అక్కడే పడి లోహం పగులుతుంది. క్యాడ్ మోడల్‌లో 0.4. క్యామ్ సిమ్యులేషన్‌లో 0.4. యంత్రానికి వెళ్ళే కోడ్‌ను వరుసవరుసగా చదివింది, అందులోనూ తప్పులేదు. బుధవారం మళ్ళీ మొదటి నుంచి చదివింది. జోయల్ చచ్చిపోయే ముందు చెప్పిన మాట తెర మీద ఎక్కడా కనిపించలేదు. సాయంత్రానికి కళ్ళు మండాయి. ఈ చదువంతా ఎందుకు చదివానా అనిపించింది.

గురువారం కృతిక వచ్చింది. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. యంత్రాలకు టూల్ పెట్టెలు తెచ్చిచ్చేదీ ఆమే. నెమలికంఠం రంగు పట్టుచీర, దారిలో పడ్డ నూనె మరకలు దాటుతూ కూడా తడబడని హైహీల్స్. అరవై మంది పనివాళ్ళు ఆమెకు దారిచ్చారు. మైమూనా పక్కన ఆగి మెల్లగా అడిగింది.

"కొండపాక బస్సు పోయిందా?"

మైమూనాకు ప్రాణం లేచి వచ్చింది. "హుస్నాబాద్ బస్సు ఉంది."

శుక్రవారం పన్నెండింటికి దారి దొరికింది. తెర మీద తప్పులేకపోతే తప్పు యంత్రంలోనే ఉండాలి. భోజనాల వేళ మిషన్‌లోంచి కటింగ్ టూల్ విప్పి భూతద్దం కింద పెట్టింది. లేబుల్ మీద 0.4 అని ఉంది. కొన మాత్రం బ్లేడులా పదును. కంప్యూటర్ లేబుల్‌నే నమ్మింది. కొలతలు తీసేవాళ్ళు తాకించి కొలిచే ప్రోబ్ కొనకు రెండు మిల్లీమీటర్ల గోళీ ఉంటుంది. అది ఆ మూలలోకి దూరదు కాబట్టి అన్నీ పాసయ్యాయి.

పరుగెత్తి వెళ్ళి కృతికకు చెప్పింది.

"ఎవరికైనా చెప్పినవా?" అంది కృతిక.

"ఇంకా లేదు. మీకే."

"మంచిగ చేసినవ్. ఇన్స్పెక్షన్ రూమ్‌ల కూసొని మాట్లాడుదాం పా."

కొలతలు తీసే అద్దాల గది. ఎప్పుడూ ఇరవై డిగ్రీలే ఉండాలి, అందుకే గోడలు మందం, తలుపు కార్డుతో తప్ప తెరుచుకోదు. కృతిక చెయ్యి చాచింది. "నీ కార్డు, ఫోన్ ఇయ్యి. సతీశ్ సార్‌కు నేను చెప్త. కళ్ళద్దాలు గూడ. మన ఆఫీసువే గద."

అన్నీ ఇచ్చాక గానీ మైమూనాకు వెలగలేదు. లేబుళ్ళు అంటించిన టూల్ పెట్టెలు తెచ్చేది ఎవరు? జోయల్ కూడా ముందుగా ఎవరికి చెప్పి ఉంటాడు?

"జోయల్ గూడ గిట్లనే ఉరికొచ్చి చెప్పిండు," అంది కృతిక. ఆ గొంతులో కోపం లేదు. ఆమె బయటికి వెళ్ళగానే తలుపు మూసుకుంది.

మైమూనా అద్దం మీద గుద్దింది. రెండు పొరల అద్దం, బయట యంత్రాల హోరు. అవతల సరుకు పంపే డిస్పాచ్ టేబుల్ దగ్గర యాదలక్ష్మి కనిపించింది. పదిహేనేళ్ళుగా గేట్ పాసులు ఇచ్చేది ఆమే. మైమూనా రెండు చేతులూ ఊపింది. యాదలక్ష్మి నవ్వి తిరిగి చెయ్యి ఊపింది.

ఆ తర్వాత కృతిక ఏదో చెప్పింది, పనివాళ్ళు అద్దానికి అడ్డంగా అట్టపెట్టెలు పేర్చారు. జానెడు సందు మిగిలింది. అందులోంచి టేబుల్, ప్రింటర్, లారీ వెనుక చక్రం కనిపిస్తున్నాయి. గడియారంలో రెండుంబావు.

గదిలో కంప్యూటర్ ఉంది కానీ దానికి నెట్ లేదు. బయటికి పోయే వైరు ఒక్కటే, ఆ ప్రింటర్‌కు. మైమూనా రిపోర్టు రిమార్కుల గడిలో టైప్ చేసింది. 'నన్ను బంధించారు. లారీ ఆపండి.' ప్రింట్ కొట్టింది. కాగితం బయటికి వచ్చింది. యాదలక్ష్మి టీకి లేచి వెళ్ళింది. కాగితాన్ని తీసుకున్నది కృతిక. చదివి, మడిచి, బ్యాగులో పెట్టుకుని, సందు వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

మైమూనా నేల మీద కూలబడింది. కృతిక కాదంటే తన రాతకు విలువ ఎంత? కొత్తపిల్ల ఆకతాయితనం అంటుంది, అయిపోతుంది. రెండున్నర. బయట పెట్టెలు ఒక్కొక్కటే లారీ ఎక్కుతున్నాయి. ఏ పైలట్ ఏ ఆకాశంలో ఆ హ్యాండిల్ లాగుతాడో అనుకుంది.

మాటను కొట్టిపారేయొచ్చు. కొలతను కొట్టిపారేయడం కష్టం.

లేచింది. నమూనాగా మిగిల్చిన లాచ్ టేబుల్ మీదే ఉంది. సొరుగులో అతి సన్నటి ప్రోబ్ ఒక్కటే ఉంది, వెంట్రుకంత కాడ, చివర ఆవగింజలో పదోవంతు గోళీ. తగిలితే విరుగుతుంది. మోచేతులు బల్లకు ఆనించి దాన్ని కొలత యంత్రానికి బిగించింది. యంత్రం నత్తలా కదిలింది. తొందరపెట్టడానికి లేదు. పదకొండు నిమిషాలు చూడటం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

0.02.

రిపోర్టు అడుగున ఎర్రని అక్షరాలు పడ్డాయి. రిజెక్ట్. కాపీల గడిలో నూట ఇరవై అని కొట్టింది.

సందులోంచి చూసింది. రెండు యాభై ఎనిమిది. యాదలక్ష్మి కుర్చీలోకి వచ్చి గేట్ పాస్ పుస్తకం తెరిచింది. ముద్ర ఎత్తింది. ప్రింటర్ కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. కృతిక వచ్చి మొదటి నాలుగు లాక్కుంది. ఐదోది, ఆరోది నేల మీద పడ్డాయి. కృతిక ప్లగ్గు పీకబోయింది.

యాదలక్ష్మి వంగి ఒకటి తీసుకుంది.

లోపలికి మాటలు వినిపించలేదు. తర్వాత పనివాళ్ళు చెప్పారు.

"గిదేంది మేడమ్, రిజెక్ట్ అని ఉంది?"

"మిషన్ ఖరాబైంది అక్కా. ముద్ర వెయ్యి, టైమ్ అయితుంది."

"మిషన్ ఖరాబైతే బాగుచేసినంక పోతది లారీ. ఎర్ర కాయితం మీద నేను పాస్ ఇయ్య."

"ఓనర్ సార్‌కు తెలుసు."

"సార్‌నే వచ్చి సంతకం పెట్టుమను."

ముద్ర ఇంకుప్యాడ్ మీదికి వెనక్కి పోయింది. యాదలక్ష్మి గేటుకు ఫోన్ చేసింది. పాస్ వచ్చేస్తుందిలే అని అప్పటికే కదిలిన లారీ సగం గేటులో, సగం రోడ్డు మీద ఆగిపోయింది. కృతిక తొందరపడకుండా నడిచి తన కారెక్కింది. ఉన్నది ఒకటే గేటు, అందులో లారీ అడ్డం. హారన్ కొట్టింది. డ్రైవర్ పాస్ రానిదే కదలనన్నాడు. హీల్స్ విప్పి ప్రహరీ ఎక్కబోతుంటే పనివాళ్ళు పట్టుకున్నారు.

తలుపు తెరిచింది యాదలక్ష్మే. కాగితాల కట్ట చంకలో ఉంది.

"గిన్ని కాపీలు ఎందుకు కొట్టినవ్ బిడ్డా?"

మైమూనా జవాబు చెప్పబోయింది. నాలుగు రోజులుగా దాచుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. "జోయల్ ఇది ముందే చెప్పిండు అక్కా," అనగలిగింది. యాదలక్ష్మి కట్ట కింద పెట్టి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

మైమూనా కబురు అందుకుని ఐదింటికి సతీశ్ మూడు కార్లతో వచ్చాడు. కృతికను ఒక కారులో, నూట ఇరవై లాచ్‌లను ఇంకో దాంట్లో ఎక్కించాడు. జరిగింది బయటికి పొక్కకూడదని యాదలక్ష్మి ముందు ఒక రహస్య ఒప్పందం పెట్టి, ఇక్కడ సంతకం చేయండమ్మా అన్నాడు.

ఆమె కళ్ళజోడు సవరించుకుని తొమ్మిది పేజీలూ చదివింది. నాలుగో పేజీలో తేదీ తప్పుందని వెనక్కి ఇచ్చింది.