మూసిన గొడుగు బొమ్మ

"గొడుగు తెరిచి ఉంటే పాస్‌పోర్టు ఆవిడకి ఇచ్చెయ్. మూసి ఉంటే ప్రాణం పోయినా ఇవ్వకు."

చీఫ్ అప్పజెప్పిన పని అంతే. ఏజెంట్ డేగ తలూపాడు. ఆ గూఢచారి శాఖకు గొడుగుల రిపేరు షాపు ఒక ముసుగు. షాపు వెబ్‌సైట్‌లో బయటివాళ్లెవరూ చూడని పేజీ ఒకటుంది. దాని అడ్రసు అక్షరాలూ అంకెలూ కలగాపులగం. ఏజెంట్లంతా దాన్ని కంఠతా పట్టారు. ఆ పేజీలోని గొడుగు బొమ్మే శాఖ ఆర్డరు.

పాస్‌పోర్టు మీద ఉన్నది డేగ తమ్ముడి ఫొటో. సరిహద్దు అవతల శత్రుముఠాలో మారువేషంలో చేరి, అక్కడే ఇరుక్కుపోయాడు. పాస్‌పోర్టు కోసం వచ్చే మేడం మన మనిషైతే అతన్ని ఇవతలికి దాటిస్తుంది. ముఠా మనిషైతే ఆ ఫొటోతో పట్టిచ్చేస్తుంది. తమ్ముడూ అక్కణ్ణుంచి అదే పేజీ చూస్తాడు. గొడుగు మూసి ఉంటే మేడం కోసం ఆగకుండా వేరే దారి చూసుకోవాలి.

షాపు బ్రాంచి, పైగది. పెట్టుడు గడ్డంతో, ఒళ్లో విరిగిన గొడుగుతో డేగ. ఎదురుగా నల్లకళ్లద్దాల మేడం.

"స్టీమరు కదిలిపోతుంది. ఇస్తారా, వెళ్లనా?"

"ఒక్క నిమిషం మేడం. స్టాకు చూసి చెప్తా."

ఫోన్లో అడ్రసు కొట్టాడు. అలాంటి పేజీ లేదని వచ్చింది. మళ్లీ కొట్టాడు. లేదు. వరండాలోకి వెళ్లి, రూల్సు పక్కనపెట్టి చీఫ్‌కి ఫోన్ చేశాడు. చీఫ్ అంటే సొంత అక్క మొగుడే.

"బావా, పేజీ మాయమైందేంటి?"

అవతల పెద్ద నిట్టూర్పు. "మా అల్లుడోయ్. సైటు చూసిపెట్టమన్నా. ఇది నిజంగా గొడుగుల షాపే అనుకున్నాడు పాపం. గిరాకీ లేదని జాలిపడి పేజీల అడ్రసులన్నీ మార్చేశాడు. జనం వెతికే మాటలు అడ్రసులో ఉంటే సెర్చ్‌లో పైకొస్తుందట. పాతదాన్నుంచి కొత్తదానికి దారి మళ్లించడం మర్చిపోయాడు."

"కొత్తదేంటో అడగండి!"

"అడిగితే అలుగుతాడు. అమ్మాయికి చెప్తాడు. అమ్మాయి మీ అక్కకి చెప్తుంది. శత్రువులైతే ఏదోటి చెయ్యొచ్చుగానీ..."

"పోనీ బొమ్మ సంగతి చెప్పండి."

"ఈ లైన్లో ఆ ముక్క చెప్పకూడదోయ్." పెట్టేశాడు.

ఒకప్పుడు పరుగెత్తే రైల్లోంచి దూకిన చీఫ్ ఒక అల్లుడి ముందు చేతులెత్తేశాడు. తమ్ముడి ప్రాణం కనబడని పేజీలో ఉంది. డేగకి నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు తట్టింది. జనం వెతికే మాటలు! గొడుగు విరిగినవాడు ఏం వెతుకుతాడు? 'విరిగిన గొడుగు రిపేరు దగ్గర్లో' అని కొట్టాడు. అన్నిటికంటే పైన వాళ్ల పేజీయే! అడ్రసు నిండా ఆ మాటలే, మధ్యమధ్య చిన్న గీతలతో.

పేజీ తెరిచాడు. బొమ్మలో గొడుగు మూసి ఉంది.

లోపలికొచ్చి విరిగిన గొడుగు మళ్లీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "సారీ మేడం. ఇంకా రెడీ కాలేదు."

మేడం హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. "మీ మొహం అలా చెప్పట్లేదే. జేబులోది తియ్యండి."

డేగ పెన్ను తుపాకీ బల్ల సొరుగులో ఉంది. సొరుగు మేడం వైపు ఉంది. జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్లకి పాస్‌పోర్టు తగిలింది. రేవులో స్టీమరు కూత పెట్టింది.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"రిపేరు ఇక్కడేనా? ఇంటర్నెట్‌లో చూసొచ్చాం!"

చంకల్లో గొడుగులతో మెట్ల కిందిదాకా జనం. అల్లుడు పేజీలో బ్రాంచి చిరునామా కూడా పెట్టేశాడు మరి. ముందున్న టీచరమ్మ మేడం భుజం పట్టి లాగింది.

"మేమంతా లైన్లో ఉంటే మీరేంటమ్మా మధ్యలో?"

మేడం అటు తిరిగింది. అదే అదనుగా డేగ ఒళ్లో గొడుగు వంకీని ఆమె మణికట్టుకి తగిలించి లాగాడు. పిస్టల్ బల్ల కిందికి జారిపోయింది.

మేడం దొరికింది, ఇవతల ఉన్న ముఠావాళ్లూ దొరికారు. మర్నాటికీ జనం మాత్రం తగ్గలేదు. డేగ గొడుగులు కుడుతూ కూర్చున్నాడు. తమ్ముడు కొత్త పేజీ కనుక్కున్నాడో లేదో తెలియదు, అడిగే దారి లేదు. చీఫ్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"పేజీ తీసేద్దామంటే అల్లుడు అన్నం మానేస్తానన్నాడోయ్. ఇదిగో, పేజీ కింద ఎవరో కస్టమరు రాశాడు, చూడు."

'మీ గొడుగు మూసే ఉంది. వేరే దారిన వచ్చేశాను. తడవలేదు.'

డేగ మళ్లీ మళ్లీ చదివాడు. చెంపలు తడిసి పెట్టుడు గడ్డం ఊడొచ్చింది.

దాని కిందే అల్లుడి జవాబు ఉంది. 'చాలా సంతోషమండీ! గొడుగు ఎప్పుడు విరిగినా మళ్లీ దయచేయండి.'