సున్నాకు తిరిగే నాబ్

వాన ముందు మొదలైందా, ఫ్రిజ్ ముందు వచ్చిందా అన్నది తారుమారు చేస్తున్నానేమో. ఈమధ్య నాకు ముందూ వెనుకా కలిసిపోతున్నాయి. మా అక్కకు జరిగింది మాత్రం కలిసిపోలేదు.

గోదావరిఖనిలో బొగ్గు గని కంపెనీ క్వార్టర్. అక్క సారవ్వ, కొడుకు వీరేందర్, మనుమరాలు శ్రావణ్య. కోడలు కాన్పుకు పుట్టింటికి పోయింది. శ్రావణ్యకు చిన్ననాటి నుంచే చక్కెర జబ్బు, పూటపూటకూ ఇన్సులిన్ సూది పడాల్సిందే. ఆ సీసాలను తడి ఇసుకలో కుండ పెట్టి దాచేవాళ్లు. బావ సదయ్య బతికున్నన్నాళ్లూ ఇంట్లోకి ఫ్రిజ్ రానివ్వలేదు. బొగ్గు దుమ్ము నిండిన రొమ్ము ఆయనది. చల్లనీళ్లు కళ్లముందుంటే తాగకుండా ఉండలేననీ, తాగితే ఊపిరాడదనీ గొడవ. ఎండకు సీసాలు చెడి పిల్ల దవాఖానలో పడ్డ నాడు కూడా ఒప్పుకోలేదు. ఆయన పోయినా అక్కకు ఆ కోపం పోలేదు.

ఆయన పోయాక కొన్న ఫ్రిజ్‌ను ఆ పొద్దున మెకానిక్ రఫీ వంటింట్లో గోడకు జానెడు ఎడంగా నిలబెట్టాడు. బండిలో పండబెట్టి తెచ్చారని వెంటనే ప్లగ్గు పెట్టనియ్యలేదు. మధ్యాహ్నం మళ్లీ వచ్చి ఆన్ చేసి, లోపలి నాబ్‌ను మూడు మీద పెట్టాడు. ముందు ఖాళీగా నడవాలనీ, చల్లబడ్డాకే సీసాలు పెట్టాలనీ చెప్పి పోయాడు. వీరేందర్ సెకండ్ షిఫ్టుకు వెళ్లాడు.

వాన ముసురుకుంది. సాయంత్రం కాకముందే ఇల్లు మసకబడింది. లోపల చల్లబడ్డదని చూసుకుని అక్క సీసాలు రెండూ పై అరలో పెట్టి, బియ్యం ఏరుతూ కూర్చుంది. కాసేపటికి ఫ్రిజ్ చప్పుడు ఆగింది. తలుపు తీసి చూస్తే నాబ్ సున్నా మీద ఉంది.

అక్కకు భయం వేయలేదు. ఒళ్లు మండింది.

"వచ్చినవా? సచ్చినంక గూడ నా ఇంట్ల నీ పెత్తనమేనా?"

నాబ్ తిప్పి తలుపు విసురుగా మూసింది. ముందు గదిలోంచి శ్రావణ్య, ఎవరితోని మాట్లాడుతున్నవు నాయినమ్మా అని అడిగింది.

"మీ తాతతోని. సిగ్గులేనోడు."

పిల్ల నవ్వింది. మళ్లీ చప్పుడు ఆగింది. మళ్లీ సున్నా. ఈసారి లోపలి నుంచి తడి బొగ్గు వాసన గుప్పుమంది. అక్క బతుకంతా మింగిన తిట్లన్నీ తిట్టింది. పిల్ల సూదిమందు మీద నీకేం పగ అంది. పీట తెచ్చుకుని ఫ్రిజ్ ముందే కూర్చుంది. తలుపుకు వీపు ఆనించింది. ఇక ఎట్లా ముడతావో చూస్తానంది.

వాన చప్పుడు... దూరంగా బొగ్గు లారీల మోత...

తలుపు అంచున ఉన్న రబ్బరు ఉబ్బింది. అణిగింది. మళ్లీ ఉబ్బింది... అణిగింది. ఊపిరిలాగా. అక్క వీపు ఆ ఊపిరితో ముందుకూ వెనక్కూ కదిలింది.

లేచి తలుపు గుంజింది. పైన ఐసు గడి మూతకు పల్చగా మంచు పట్టింది. ఆ మంచులో ఒక అరచెయ్యి అచ్చు. ఎడమ చెయ్యి. ఐదు వేళ్లూ విప్పి ఉన్నాయి.

సదయ్య ఎడమచేతికి మూడు వేళ్లు లేవు. గనిలో బొగ్గు తొట్లు లాగే ఇనుప తాడు కింద పడి నుజ్జయ్యాయి.

అక్క నోట్లో తిట్టు ఆగిపోయింది. ఇంతసేపూ ఆయనే అనుకుంది కాబట్టి నోరు లేచింది. ఆయన కాదు.

"ఎవరు నువ్వు?" గొణిగింది.

రబ్బరు అంచు కదలలేదు. లోపల ఎవరో వినడానికి ఊపిరి బిగబట్టినట్టు...

ముందు గదిలోంచి పిల్ల, సూది వేళయింది నాయినమ్మా అంది. మందు ఆ అరలోనే ఉంది. అక్క పళ్లు బిగబట్టి చెయ్యి పెట్టింది. మోచేతి దాకా చలి కొరికింది. సీసాలు దొరికాయి. అంత చలిలో రెండు సీసాలూ వెచ్చగా ఉన్నాయి... ఎవరో చాలాసేపు గుప్పిట్లో దాచుకున్నట్టు.

వాటిని అక్కడే పారేసి, పిల్లను చంకనేసుకుని వానలో రఫీ ఇంటికి పరుగెత్తింది. అతని బండి మీద దవాఖానకు పోతే అక్కడ సూది పడింది. పిల్ల దక్కింది.

రఘుపతీ, కొడుకా, మీ పెద్దత్త ఇంటి కథ ఇది. పేర్లు ఒకసారి సరిచూడు నాయనా, తప్పు రాస్తే దిద్దు. ఆ చేతికి మాత్రం నీకేదైనా పేరు తడితే... నాకు చెప్పకు.