కెదార్ అంటే ఏటి?

జగదీశ్వరి సంచి సర్దుకుంటోంది. రెండు నేత చీరలు, బీపీ మాత్రలు, నీళ్ల సీసా. అన్నిటికంటే పైన శ్రుతిపెట్టె. దాని లోపల శ్రుతి లేదు. మీట నొక్కితే చుట్టుపక్కల సెల్‌ఫోన్లన్నీ మూగబోయే జామర్ ఉంది. ఈ ఉద్యోగంలో ఇలాంటి సంచులు ఎన్ని సర్దిందో ఆమెకే గుర్తులేదు. ఏదో మరిచిపోయానన్న గుబులు మాత్రం ఏనాడూ తప్పలేదు.

"బ్రీఫింగ్ వినండి మేడమ్," అన్నాడు ఫోన్లో కంట్రోల్ ఆఫీసర్ నరసింగరావు. "బొబ్బిలి వీణలు నాలుగు ఆమదాలవలస స్టేషన్‌కి వస్తాయి. ఒకదాంట్లో మైక్రోచిప్. ముఠాలో మనం పెట్టిన ఏజెంట్ల పేర్లు అందులో ఉన్నాయి. ఇక్కడి వాళ్లు దాన్ని తెరవలేరు. విదేశంలో తెరిచారంటే మనవాళ్లు మిగలరు. మీ కవర్, వీణ టీచర్."

"మా తమ్ముడి పేరు?"

"ఉంది."

హరిచరణ్ ముఠాకు వ్యాను డ్రైవరుగా చేరి రెండేళ్లయింది.

"కోడ్‌వర్డ్ 'కెదామోస్'. స్పానిష్‌లో కలుద్దాం అని. ముఠా తరఫున వీణల్ని విదేశానికి తీసుకెళ్లే లూసియా ఆ మాట చెబుతుంది, ఆమె మన డబుల్ ఏజెంట్. హరిచరణ్ కూడా ప్లాట్‌ఫారం మీదికే వచ్చి మీతో బయటపడతాడు."

"ఆ క్రియ కెదార్ కదండీ. ఫోన్లో చూసి నేర్చుకుంటున్నాను. ఉండిపోవడం అని కూడా అర్థం ఉందట."

"మీకెప్పుడూ చెడ్డ అర్థమే కనిపిస్తుంది మేడమ్!"

ప్లాట్‌ఫారం మీద జనమంతా లూసియానే చూస్తున్నారు. ఎర్ర పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. పక్కన నాలుగు వీణ పెట్టెలు, వాటికి కాపలాగా ముఠా మనిషి గిరిబాబు. రైలు కదలగానే అంతా బాగుందని వాడు ముఠా గోడౌన్‌కి ఫోన్ చేయాలి.

"కెదామోస్, టీచర్ గారూ," అంది లూసియా చిరునవ్వుతో.

"మావాడేడీ?"

లూసియా గొంతు తగ్గించింది. "రాలేదు. 'మె కేదో' అని చెప్పమన్నాడు. అదే క్రియ. ఇద్దరు మనుషులు ఒక సమయం అనుకుంటే కలుసుకోవడం. ఒక్కడే తన గురించి చెప్పుకుంటే ఉండిపోవడం. డ్రైవరు మాయమైతే వీణల్ని గోడౌన్ దాటనివ్వరు. అందుకని ఉండిపోయాడు."

"ఎంతసేపు?"

"గిరిబాబు ఫోన్ వెళ్లేదాకా. అది వెళ్లకపోతే మొదట అతన్నే పట్టుకుంటారు."

అయినా గిరిబాబు ముందే హెచ్చరిక పంపకుండా జగదీశ్వరి శ్రుతిపెట్టె మీట నొక్కి, మొదటి వీణ పెట్టె తెరిచింది.

"ఏటమ్మా, ఏటి సేస్తన్నావు?" గిరిబాబు అడ్డొచ్చాడు.

"మా ఇంట్లో వీణని మూగగా ఊరు దాటించరు నాయనా. ఓపాలి మీటనీ. నీకు పున్నెముంటాది."

"ముసిలోళ్లకి సాదస్తం ఎక్కువ! బేగి కానియ్, బండొచ్చేసినాది."

ఆమె తండ్రి బొబ్బిలిలో వీణలు చెక్కేవాడు. కుండ నుంచి మెడ దాకా ఒకటే పనస దుంగ, ఎక్కడా అతుకుండదు. ఆమె తీగ మీటుతూ వేలి కణుపుతో మెడ మీద తట్టింది. మొదటిది ఖంగుమంది. రెండోదీ అంతే. మూడోది పుచ్చిన కొబ్బరికాయలా పలికింది.

పచ్చలైటు పడింది. కూత వినిపించింది. పొరబడితే రెండో అవకాశం లేదు. పుట్టి బుద్ధెరిగాక వీణకు కాలు తగిలితేనే కళ్లకద్దుకునే మనిషి, ఆ వీణను రెండు చేతులా ఎత్తి ప్లాట్‌ఫారం అంచుకేసి కొట్టింది. మెడ అతుకు దగ్గర విరిగింది. నల్లటి చిప్ జారి పడింది. లూసియా దాని మీద చెప్పు పెట్టి నిలబడింది.

జనంలో కలిసి ఉన్న మఫ్టీ పోలీసులు గిరిబాబు రెక్కలు విరిచి పట్టుకున్నారు. జగదీశ్వరి జామర్ ఆపేసింది.

"ఫోన్ సెయ్యి. బండి కదిలింది, అంతా బాగుంది అని సెప్పు. ఒక్క ముక్క. నీ కాళ్లట్టుకుంటాను రా!"

"సెప్తే నన్ను సంపేత్తారు!" గిరిబాబు చెయ్యి విదిలించుకుని, ఫోన్‌ని కదులుతున్న చక్రాల కిందికి విసిరేశాడు.

రైలు వెళ్లిపోయింది. ఇద్దరు ఆడవాళ్లూ విరిగిన వీణను మధ్యన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు.

"ఇంకేదైనా అర్థం ఉందా దానికి?" అడిగింది జగదీశ్వరి.

లూసియా కళ్లద్దాలు తీసింది. "మిగలడం."

పోలీసులు వెళ్లేసరికి గోడౌన్ ఖాళీ. వ్యాను లేదు. చిప్‌లో పేర్లున్న మిగతా వాళ్లందరూ క్షేమం. 'మిషన్ సక్సెస్. నష్టం: ఒక వీణ' అని రిపోర్టు రాసి నరసింగరావు సంతకం పెట్టాడు.

హరిచరణ్ తిరిగి రాలేదు. ఆ రోజు 2024 నవంబరు పద్దెనిమిది, సోమవారం.