చారలు లేని తుపాను బొమ్మ

2074 నాటికి భీమిలి తీరంలో సాఫ్ట్‌వేర్ రేడియో లేని మేడ లేదు. సాయంత్రం టీ తాగేసి జనం డాబా ఎక్కేవారు. పాత ఉపగ్రహాలకేసి యాంటెన్నా తిప్పి, అవి పంపే మేఘాల బొమ్మలు దించుకుని ఒకరికొకరు చూపించుకునేవారు. పూర్వం ఈ సరదాకి పట్టిన చీడ రొద. ఎల్‌ఈడీ దీపం, ఫోను ఛార్జరు, పక్కింటి లిఫ్టు మోటారు, అన్నీ రిసీవర్లోకి దూరేవి. యాంటెన్నా మొదట్లోనే చిన్న ఆంప్లిఫయరు బిగించి, కేబులుకి రొదని పీల్చే ఫెరైట్ పూసలు తొడిగి, ముందుతరంవాళ్లు నానా తంటాలు పడ్డారు. అదే సరదా ఉన్న పరాంకుశం రొదజల్లెడ కనిపెట్టాక ఆ తంటాలన్నీ తీరిపోయాయి.

జల్లెడ ఒక ప్రోగ్రాము. చిరాకు పుట్టించే చప్పుడేదైనా వస్తే వినేవాడు ‘రొద’ అన్న మీట నొక్కుతాడు. అలా ఎక్కువమంది నొక్కిన తరంగాన్ని జల్లెడ గుర్తుపెట్టుకుని, తీరంలోని రిసీవర్లన్నింటిలోంచీ తీసిపారేస్తుంది. ఏది రొదో అది సొంతంగా తేల్చదు. దాని గొప్పంతా అందులోనే ఉందనేవాడు పరాంకుశం.

గరికిన నూకరత్నం హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఆమె అన్న ఎర్రయ్య మొన్నటి తుపానులో సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఈ డాబా రేడియోలవాళ్లు పెట్టుకున్న ఆకాశశ్రోతల సంఘం సభలో మాట్లాడడానికి ఇవాళ ఆమెకు అవకాశం ఇచ్చారు. వదిన పోలమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“నాను లోనికి రాను రత్నం. ఆల మొకాలు సూళ్లేను. రేపు నా గుంటడు వేటకెల్తన్నాడు. ఆడి కేకైనా ఇంటారో ఇనరో, అదొక్కటీ అడిగీసి వొచ్చీ.”

లోపల మిరపకాయ బజ్జీల నూనె వాసన. గోడ మీద సంఘం బహుమతి పొందిన బొమ్మ: అదే తుపాను, తెల్లగా సుడి తిరిగి, నడుమ నల్లటి కన్నుతో. ఒక్క చార లేదు. దాని కిందే నిలబడి వేళ్లు తుడుచుకుంటున్నారు పరాంకుశం, మిగతా సభ్యులు. అందరి చెవుల్లోనూ బిళ్లలున్నాయి. సభలో మాటలు కూడా జల్లెడ పట్టుకునే వినడం ఆ సంఘం ఆనవాయితీ; అందుకే బల్లల కిందా మీటలు బిగించారు.

నూకరత్నం బడిలోని పాత రిసీవరు దించిన బొమ్మను తెర మీద వేసింది. ఆ రిసీవరుకి జల్లెడ లేదు. అదే తుపాను, అదే కన్ను. పైనుంచి కింది దాకా తెల్లటి చారలే.

“పడవవాళ్లు ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహం మీదుగా కప్ప బెకబెకలాంటి చప్పుడు వస్తుంది. అదే బొమ్మ మీద చారగా పడుతుంది. మా అన్న పగలంతా నొక్కాడు. ఈ ఆపద పిలుపులు వినే తన స్టేషను ప్రభుత్వం మూసేసినప్పుడు, అవి మేం వింటామని మీరే మాటిచ్చారు. ఈ భవనం ఆ మాట మీద వచ్చిందే. మీరు చెబితే తప్ప హార్బరు నుంచి కాపాడే పడవ కదలదు.”

కార్యదర్శి మార్కండేయులు గొంతు సవరించుకున్నాడు. “ఎవరూ కావాలని చేసింది కాదమ్మా. బొమ్మ పాడవుతోందని నొక్కారంతే.”

“ఆ చప్పుడేమిటో తెలియకా?”

“తెలియకేం? మొదట్లో హార్బరుకి ఫోన్లు కూడా చేశాం. సగం ఉత్తుత్తివే. మీవాళ్లు వలలు సర్దుకుంటూ మోచేత్తో నొక్కేసేవారు కదండీ.”

“చేపల రేటు చెబుదామనేమో!” అన్నారు వెనకెవరో. నాలుగైదు నవ్వులు వినిపించాయి.

నూకరత్నం నూనె అంటిన ఆ వేళ్లవైపు చూడకుండా, తరగతిలో మాట్లాడినట్టే మాట్లాడింది. “పరాంకుశం గారూ, ఆ చప్పుడుని రొదల్లోంచి తప్పించండి.”

“నేనెవర్నమ్మా తప్పించడానికి? సభ్యులు వినాలి. విని ‘కావాలి’ అని నొక్కాలి. యంత్రం జనం మాటే వింటుంది.”

వాళ్లు వినడానికి అతను జల్లెడని కాసేపు ఆపాడు. ఆమె బడి రిసీవరు పట్టిన రికార్డు పెట్టింది. బెకబెక మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. అందరూ తలలు వంచుకుని విన్నారు. ముందు వరుసలో ఒకావిడ పమిటతో కళ్లొత్తుకుంది. ఆవిడ రెండో చెయ్యి బల్ల కింద ఉంది.

గోడలోని స్పీకరులోంచి జల్లెడ మర్యాదగా పలికింది. “లెక్క పూర్తయింది. ఈ చప్పుడు రొదే. దీనితోపాటు వస్తున్న మరో శబ్దాన్ని కూడా సభ్యులు రొదగా గుర్తించారు. అది ఒక స్త్రీ గొంతు. తీసేశాను.”

నూకరత్నం మాట్లాడడం ఆపలేదు. రేపు తెల్లారితే మేనల్లుడు పడవ ఎక్కుతాడని చెప్పింది. వాడి పేరు చెప్పింది. పడవ రంగు చెప్పింది. గట్టిగా మళ్లీ చెప్పింది. ఒక్క తలా తిరగలేదు. మార్కండేయులు మాత్రం చిరునవ్వుతో ఆమె చేతికి బజ్జీల పళ్లెం అందించాడు.

పరాంకుశం కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

“అబ్బ,” అన్నాడు, “ఎంత నిర్మలంగా ఉందండీ!”