అక్క అనలేకపోయిన మాట

మణుగూరులో బస్సు దిగేసరికి వాన సన్నగా మొదలైంది. మంగయ్య బస్టాండు ముందు హోటల్లో వేడివేడి బజ్జీలు తిని, ఉప్పెక్కువైందని అడక్కుండానే చెప్పి, రెండు చాయ్‌లు తాగాడు. సొంత నేల మీద ఎవరికీ భయపడకుండా నిలబడి చాయ్ తాగితే ఆ రుచే వేరు. దుబాయిలో ఇన్నేళ్ళూ పోలీసు బండి కనబడితే చాలు, సందుల్లో దూరిన మనిషతను. కాగితాల్లేని వాళ్ళు శిక్ష లేకుండా ఇళ్ళకు పోవచ్చని 2007లో అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టింది గనక బయటపడ్డాడు. సంపాదించి తెచ్చిందేమీ లేదు. సంచిలో నాలుగు బట్టలు, అక్క మోకాళ్ళ నొప్పులకు ఒక బాము సీసా.

అక్క పేరు ఆదెమ్మ. అమ్మ పోయాక అతన్ని చంకనెత్తుకుని పెంచింది ఆమే. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. భద్రాచలం దారిలో, అడవి అంచున ఒక పల్లెలో ఒంటరిగా ఉంటుంది. ఎండాకాలం తునికాకు కోస్తుంది, మిగతా రోజులు కూలికి పోతుంది. తమ్ముడు వస్తున్నట్టు ఆమెకు కబురు లేదు. చూడగానే ఏడుస్తుంది, తర్వాత తిడుతుంది, ఆ తర్వాత అన్నం పెడుతుంది. మంగయ్యకు ఆ మూడూ కావాలి.

పల్లెకు పోయే ఆటో రూప్‌సింగ్‌ది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి బడి ఎగ్గొట్టిన వాళ్ళే. ఆటపట్టిద్దామని మంగయ్య తువ్వాలు ముఖానికి కప్పుకుని, దారంతా నోరు మెదపకుండా కూర్చున్నాడు. దిగాక తువ్వాలు తీసి పళ్ళికిలించాడు. రూప్‌సింగ్ నవ్వలేదు. కిరాయి కూడా తీసుకోకుండా ఆటో తిప్పుకుని పోయాడు. వీడికి ఇంత పొగరెప్పుడొచ్చిందని మంగయ్య తిట్టుకుంటూ నడిచాడు.

మసక చీకటి పడుతోంది. కరెంటు లేదు. తడిసిన మట్టి వాసన, పొయ్యిల పొగ, అడవిలోంచి కప్పల బెకబెక. అక్క ఇంటికి రెండు పక్కలా ఉన్న ఇళ్ళకు తాళాలున్నాయి. వాకిళ్ళలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. అక్క ఇంటి తలుపు సందులోంచి మాత్రం దీపం వెలుతురు సన్నగా కనిపించింది.

దగ్గరికి పోయేకొద్దీ పొగ వాసన పోయి ఇంకో వాసన తగిలింది. దవాఖానా వాసన. లోపల ఎవరో అన్నం తింటున్నారు. ఖాళీ పళ్ళేన్ని గోళ్ళతో గీకుతున్న చప్పుడు... ఆగకుండా.

"అక్కా! నేను, మంగయ్యను."

తలుపు వేలెడంత తెరుచుకుంది.

"అరవకు," అంది ఆదెమ్మ గుసగుసగా. "వాడు తింటుండు."

"ఎవరు?"

సందులోంచి చెయ్యి చాపి అతని నుదురు, చెవులు, మెడ తడిమింది.

"వెచ్చగున్నవ్ తమ్మీ... బతికే ఉన్నవ్. నా మనసు చెప్తనే ఉన్నది."

"నేనెందుకు చస్తనే?"

"నీ పేరుతోని దుబాయి నుంచి పెట్టె వచ్చింది. సీలేసిన్రు. తెరవొద్దన్నరు. గట్లనే మట్టి చేసినం."

మంగయ్యకు తన కార్డు గుర్తొచ్చింది. అప్పట్లో దుబాయి కూలీల క్యాంపులో పక్క మంచం మనిషికి జ్వరమొచ్చింది. కార్డు లేనివాణ్ణి దవాఖానాలో చేర్చుకోరు. పాత కంపెనీ నుంచి పారిపోయేటప్పుడు దగ్గర మిగిలిన తన కార్డు మంగయ్య అతని జేబులో పెట్టి పంపాడు. మర్నాడే పోలీసులు క్యాంపు మీద పడితే పారిపోయి ఎడారిలో ఒక తోటలో దాక్కున్నాడు. ఆ మనిషి ఏమయ్యాడో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. అదంతా రెండు ముక్కల్లో అక్కకు చెప్పాడు.

ఆ పల్లెలో ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ళ దినం నాటి సాయంత్రం లోపలి మూల అన్నం పెట్టి, పేరు పెట్టి పిలుస్తారు. రా, తిను, పో అంటారు. మూడు మాటలూ ఒక్క ఊపిరిలో అనాలి.

"రా అన్న, తిను అన్న," అంది ఆదెమ్మ. "పో అననీకి నోరు రాలె తమ్మీ. నిన్నెట్ల పొమ్మంట? వచ్చిండు. గోడ దిక్కు తిరిగి గూసున్నడు. ఆనాటి సంది పోలె."

"ఇప్పుడను! పొమ్మను!"

"ఏ పేరు పెట్టి? మంగయ్యా పో అంటే, యాడనో బతికున్న నువ్వే పోతవేమోనని నోరు కట్టుకున్న. వాని అసలు పేరు జెప్పు. జల్దీ."

మంగయ్య నోరు తెరిచాడు. పేరు రాలేదు. క్యాంపులో అందరూ అందర్నీ జిల్లా పేరుతోనే పిలుచుకునేవాళ్ళు. ఆ మనిషి కరీంనగర్. కలిసి రొట్టె తిన్నారు. జ్వరంతో మూలుగుతుంటే మంగయ్యే రాత్రంతా నుదుట తడిగుడ్డ వేశాడు. పేరు మాత్రం ఎన్నడూ అడగలేదు. తల బాదుకోవాలనిపించింది అతనికి.

"కరీంనగర్! పో!" అని అరిచాడు.

గీకుడు ఆగింది. మళ్ళీ మొదలైంది... ఈసారి తలుపు వెనకే.

"అక్కా, బయటికి రా!" మణికట్టు పట్టుకుని లాగాడు. ఆమె కదల్లేదు.

"రాలేను తమ్మీ," అంది ఏడుస్తూ. "నా కొంగు... వాని చేతిల ఉన్నది. నువ్ పో. నీకు దండం పెడత, పో."

తనను పెంచిన చెయ్యి అది. వదిలిపెట్టి ఎక్కడికి పోతాడు? ఇక మంగయ్యకు వేరే దారి తోచలేదు.

"అయితే ఆ పేరు వానికే ఇచ్చేసిన!" అని గొంతు చించుకున్నాడు. "నేను మంగయ్యను గాదు! ఆ పేరు నాది గాదు! ఇగ వాణ్ణి పొమ్మను అక్కా... నాకేం గాదు!"

చప్పుడు ఆగిపోయింది. కప్పలు కూడా.

అతని పట్టులో ఉన్న చెయ్యి మెత్తబడింది. తర్వాత, పరాయి మగవాడి చేతిలోంచి తీసుకున్నట్టు, మెల్లగా వెనక్కి పోయింది. తలుపు బార్లా తెరుచుకుంది. ఆదెమ్మ దీపం పట్టుకుని నిలబడింది. కళ్ళలో ఏడుపు లేదు.

"ఎవరు బిడ్డా నువ్వు? వానల తడుస్తున్నవ్. ఏ ఊరు?"

"అక్కా..."

"మా తమ్ముడున్నడు, మాట్లాడు." లోపలికి తిరిగింది. "మంగయ్యా, ఎవరో వచ్చిండ్రు సూడు."

తలుపు చాటున ఉన్నవాడు దీపం వెలుతురులోకి వచ్చాడు. జ్వరంతో పీక్కుపోయిన కరీంనగర్ ముఖం కనిపిస్తుందనుకున్నాడు మంగయ్య.

అది కాదు.

నున్నగా గీసిన గడ్డం. ఎడమ చెంప మీద సన్నని గాటు, ఇంకా పచ్చిగా ఉంది. పొద్దున ఖమ్మంలో మంగయ్యకు గడ్డం గీస్తుంటే మంగలి చెయ్యి జారి తెగిన గాటు.

మంగయ్య చెయ్యి తన చెంప మీదికి పోయింది. తడిమాడు. మళ్ళీ తడిమాడు.

వేళ్ళకు ఏ గాటూ తగల్లేదు.