ఆపరేషన్ బలపం

“పలకలు కావాలి.”

“రాతి పలకలా, ప్లాస్టిక్ పలకలా?”

“మా తాత దిద్దిన పలక.”

దుకాణదారు తల ఎత్తలేదు. చెక్క ఫ్రేముకు మేకు కొట్టడం పూర్తి చేసి సుత్తి పక్కన పెట్టాడు. “అదైతే లోపల ఉండాది. చెప్పులిడిచి రా తమ్ముడూ.”

కోడ్ సరిపోయింది. ఏజెంట్ వరప్రసాదం చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

మార్కాపురం పలకల బజారులో వీరభద్రయ్య అంటే రాతి పలకల వ్యాపారి. నోట్లో వక్క, చెవిలో పెన్సిలు, ఎవరేమడిగినా ఒక్క ముక్కలో జవాబు. ఢిల్లీలో ఒక ఇనుప బీరువాలో ఉన్న ఫైలుకు మాత్రం ఆయన ఒక స్టేషన్ చీఫ్. ఈ సంగతి ఆయన పెళ్ళానికి కూడా తెలియదు. దుకాణంలో లాభం ఎందుకు లేదని ఆమె ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

“ఫొటో చూడు.” వీరభద్రయ్య ఫోను తిప్పి చూపించాడు. నున్నగా గొరిగిన గడ్డం, బంగారు గడియారం. “విక్టర్ ఖూ. నాలుగు పాస్‌పోర్టులు, అయిదు పేర్లు.”

“వ్యాపారం?”

“మనుషులు. థాయిలాండ్ అంచున ఏరు దాటితే వాని కాంపౌండు. చుట్టూ ముళ్ళకంచె. చదువుకున్న పిల్లల్ని తీసకపోయి కంప్యూటర్ల ముందర కూర్చోబెడతాడు. ఫోన్లో జనాన్ని మోసం చేయాల. చెయ్యనంటే కూడు లేదు, దెబ్బలు. పోయినోడు తిరిగిరాడు.”

“ఇక్కడికెందుకొచ్చాడు?”

“ఎరకు. ఆగ్నేయాసియా స్టడీసంట. బర్మా, కంబోడియా, మలేసియా దిక్కు దేశాల చరిత్ర. అది చదివే పిల్లలకు సెమినార్లు, ఫెలోషిప్పులు, భాష నేర్పే సమ్మర్ స్కూళ్ళు చానా ఉంటయి. నిజమైనవే. ఆ నిజాల మధ్యలో వీడు ఒక అబద్ధం నాటినాడు. బ్యాంకాకులో సమ్మర్ స్కూలు, విమానం టికెట్టు వాళ్ళదే, తిండి వాళ్ళదే. ముందర కొమరోలు రోడ్డులో మూతబడిన బీఈడీ కాలేజీలో ఓరియెంటేషన్. రేపు మధ్యాహ్నం బస్సు చెన్నై ఎయిర్‌పోర్టుకు పోతది. ఇరవై మంది పిల్లలు.”

“ఇప్పుడే దాడి చేస్తే?”

“ఏమని పట్టుకుంటావు? పిల్లలు ఇష్టపడి పోతన్నారు. కాయితాలన్నీ సక్రమం. ఖూ రేపు పొద్దున దిగుతాడు. పిల్లల పాస్‌పోర్టులు వాని చేతిలో ఉండంగా పట్టుకోవాల.” వీరభద్రయ్య వక్క ఉమ్మి వచ్చాడు. “ఇరవై మందిలో మా చెల్లెలి కూతురు ఉండాది. సావిత్రి. బేస్తవారిపేట పిల్ల.”

వరప్రసాదం ఆయన వైపు చూశాడు. “మీ చెల్లెలికి చెప్పలేదా అన్నా?”

“చెప్తే ఏడుస్తది. ఏడిస్తే ఊరంతా తెలుస్తది. తెలిస్తే ఖూ రాడు.” మాట పూర్తి చేసి ఆయన గోడ వైపు చూశాడు.

తర్వాత ఒక చిన్న అట్టపెట్టె తీశాడు. అందులో ఒక బలపం. మామూలు రాతి బలపమే.

“విరిస్తే సిగ్నలు పోతది. ఒక్కసారే. లోపలి బ్యాటరీ పది నిమిషాలు బతుకుద్ది. వాళ్ళ దగ్గర జామర్ ఉండాది, అది తిరుగుతున్నంతసేపు విరిచినా దండగే. ఇంకొకటి. లోపల మనవాళ్ళు ఒకరున్నారు. పేరు కర్పూరం. ఆడో మగో నాకూ తెలీదు. ‘మోటుపల్లికి ఓడలొస్తున్నాయా’ అని అడుగు. ‘కర్పూరం దిగింది’ అంటే మన మనిషి.”

“అనకపోతే?”

“అనకపోతే నువ్వు చచ్చినట్టే. పలకలు కావాలంటివి గదా, పొయ్యేటప్పుడు తీసకపో. డెలిగేట్లకు బహుమానం.”

* * *

మర్నాడు పొద్దున ప్రొఫెసర్ సుందరరాజు బీఈడీ కాలేజీ ముందర ఆటో దిగాడు. నెరిసిన జుట్టు, లావు కళ్ళజోడు, భుజాన గుడ్డ సంచి, చేతిలో పలకల కట్ట. విగ్గు కింద వరప్రసాదానికి అప్పుడే చెమట పోస్తోంది. కృష్ణ ఒడ్డున అవనిగడ్డలో పుట్టినవాడు. కాలవ లేని ఊరు ఉంటుందని ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

గేటు దగ్గర నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉంది. వాచ్‌మన్ పిచ్చయ్య బిందెలు పట్టి లోపలికి మోయిస్తున్నాడు. సుందరరాజు లోపలికి రాగానే గేటుకు మళ్ళీ తాళం పడింది.

“తాళమెందుకు పెద్దాయనా?”

“నాకేం తెలుసు సారూ. వేయమన్నారు, వేసినా. తీయమన్నప్పుడు తీస్తా.”

హాలులో ఇరవై మంది పిల్లలు. కిటికీలకు లోపలి నుంచి అట్టలు కొట్టేశారు. ఫోన్లన్నీ ఒక పెట్టెలో పెట్టించారట, ‘అకడమిక్ ఫోకస్’ కోసం. పాస్‌పోర్టులు కూడా ‘వీసా ప్రాసెసింగ్’ కింద వెళ్ళిపోయాయి. ఫ్యాన్లు గాలి కంటే చప్పుడు ఎక్కువ చేస్తున్నాయి. ఒక్క పిల్లవాడు కూడా నవ్వడం లేదు.

వరప్రసాదం రాత్రంతా బట్టీపట్టిన లెక్చరు అప్పజెప్పాడు. అంగకోర్ అన్నాడు, శ్రీవిజయ అన్నాడు. చివర పలకలు పంచాడు. ముందు వరుసలోంచి రెండు జడల పిల్ల లేచి వచ్చింది.

“సార్, నా పేరు సావిత్రి. నా పేపరు మోటుపల్లి అభయ శాసనం మీద. ఓడ మునిగి ఒడ్డుకొచ్చిన పరదేశి వర్తకుల సరుకు దోచుకోం, భయపడొద్దు అని గణపతిదేవుడు రాయించినాడు కదా, దాని మీద.”

“మంచి టాపిక్.”

“మంచిదే సార్. కానీ ఇక్కడ దాన్ని ఎవురూ అడగల్యా.” ఆమె గొంతు తగ్గించింది. “మూడుసార్లు టైపింగ్ టెస్టు పెట్టినారు. అమెరికా యాసలో ఫోన్లో మాట్లాడమన్నారు. శాసనాలు చదివేదానికి టైపింగ్ స్పీడు ఏందికి సార్? ఇంటికి పోతానంటే గేటు తీయల్యా.”

వెనక నుంచి అత్తరు వాసన వచ్చింది.

“సావిత్రి ఎక్కువ ప్రశ్నలు వేస్తుంది. తెలివైన పిల్ల.”

డాక్టర్ చంద్రికా అప్పలస్వామి. మలేసియా తెలుగావిడ. రబ్బరు తోటల్లోకి వెళ్ళిన వాళ్ళ మునిమనవరాలు. ఆకుపచ్చ పట్టుచీర, పొట్టి జుట్టు, నవ్వితే ఎవరికైనా తమ పేరు ఒక క్షణం గుర్తురాదు. సమ్మర్ స్కూల్ కోఆర్డినేటర్. ఆమె వెనకే ఖూ మనుషులు ఇద్దరు.

వరప్రసాదం గొంతు సవరించుకున్నాడు. “డాక్టర్‌గారూ, మోటుపల్లికి ఓడలొస్తున్నాయా?”

ఆమె రెప్ప కూడా కదపలేదు. “ఓడ ప్రయాణం నాకు పడదు ప్రొఫెసర్. రండి, మిస్టర్ ఖూ మీకోసం చూస్తున్నారు.”

అనకపోతే చచ్చినట్టే, అన్నాడు వీరభద్రయ్య. వరప్రసాదం ఆమె వెంట నడిచాడు.

* * *

ప్రిన్సిపాల్ గదిలో ఖూ టీ తాగుతున్నాడు. బల్ల మీద నీలం పాస్‌పోర్టుల కట్ట. మూలన జామర్, దాని కూలింగ్ ఫ్యాను గుయ్యిమంటోంది. గోడవారన ఆ ఇద్దరూ. గన్‌మెన్.

“ప్రొఫెసర్, ఈ ఊరి చిరునామా అక్షరాలు మరీ చిన్నవి.” ఖూ ఇంగ్లీషు మెత్తగా ఉంది. “మీ కళ్ళజోడు ఒక్క నిమిషం ఇస్తారా?”

ఇవ్వకపోతే అనుమానం. వరప్రసాదం ఇచ్చాడు. ఖూ పెట్టుకున్నాడు. కాగితం చూశాడు. కళ్ళజోడు తీశాడు. మళ్ళీ చూశాడు.

“ఆశ్చర్యం. రెండు రకాలుగానూ ఒకేలా కనిపిస్తోంది.”

ఉత్త అద్దం. బలపంలో సిగ్నలు దాచిన డిపార్టుమెంటు కళ్ళజోడుకు పవరు పెట్టడం మరిచిపోయింది.

విగ్గు ఊడింది. చేతులకు తాడు పడింది. గన్‌మన్ పిస్టలుకు సైలెన్సర్ బిగించాడు.

“ఇక్కడ వద్దు,” అంది చంద్రిక గోళ్ళు చూసుకుంటూ. “పిల్లలు పక్క హాల్లోనే ఉన్నారు. నెత్తురు కడగడానికి టైము లేదు. వెనక సంపు ఉంది, ఖాళీగా. పైన ఇనుప మూత. ఇక్కడ మూడు ఫేజుల కరెంటు ఇంకాసేపట్లో వస్తుంది. బోరు మోటారుకు ఆటో స్టార్టరు ఉంది, ఆన్ చేసి పెడతాను, కరెంటు రాగానే దానంతటదే ఆడుతుంది. సంపు నిండుతుంది. వయసు మళ్ళిన ప్రొఫెసర్, కాలు జారి పడ్డాడు. పోలీసులకు కూడా శ్రమ ఉండదు.”

ఖూ ఆమె చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. “అందుకే నువ్వంటే నాకు గౌరవం.”

* * *

మూత పడింది. తాళం పడింది.

సంపు నిలువెత్తు లోతు. నాలుగు సిమెంటు గోడలు. చేతులు ముందుకు కట్టి ఉన్నాయి, కాళ్ళు కూడా కట్టి ఉన్నాయి. లేచి నిలబడితే తలకు మూత తగులుతోంది. మూత అంచున వేలు వెడల్పు వెలుగు. మొహానికి ఎదురుగా గోడలోంచి లావుపాటి పైపు మూతి చూస్తోంది. వరప్రసాదం భుజంతో మూతను నెట్టాడు. కదల్లేదు. మళ్ళీ నెట్టాడు. భుజం కదిలింది, మూత కదల్లేదు.

అరిచాడు. అరుపు నాలుగు గోడలకు కొట్టుకుని తన దగ్గరికే వచ్చింది.

జేబులో బలపం ఉంది. కట్టిన చేతులతోనే మెల్లగా లాగి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. విరవలేడు. పైన ప్రిన్సిపాల్ గది కిటికీలోంచి జామర్ ఫ్యాను గుయ్యిమంటూనే ఉంది. విరిస్తే పది నిమిషాలు గాలికి పోతాయి. విరవకపోతే నీళ్ళు వస్తాయి.

హాల్లో చంద్రిక గొంతు వినిపించింది. “అందరూ లగేజీ తీసుకోండి. లైనుగా బస్సెక్కండి.” ఇరవై జతల చెప్పుల చప్పుడు. అందులో సావిత్రివి ఏవో తెలియదు. వీరభద్రయ్య గోడ వైపు చూసిన చూపు మాత్రం కళ్ళ ముందర నిలిచింది.

అవనిగడ్డలో చిన్నప్పుడు కాలవలో మునిగిన మనిషిని చూశాడు వరప్రసాదం. నీళ్ళు ఎంత తొందరగా పని ముగిస్తాయో తెలుసు. ముందు మోకాళ్ళు, తర్వాత నడుము, తర్వాత గొంతు.

ఎక్కడో టక్కుమంది. స్టార్టరు.

మూడు ఫేజులు వచ్చేశాయి. భూమి లోపల ఎక్కడో మోటారు మూలిగింది. పైపు వణికింది. వరప్రసాదం కళ్ళు మూసుకుని గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

పైపు దగ్గింది. వేడి గాలి మొహానికి కొట్టింది. మళ్ళీ దగ్గింది. గుప్పెడు ఎర్రమట్టి రాలింది. ఒక బల్లి బయటపడి గోడెక్కింది.

బిగబట్టిన ఊపిరి ఇక ఆగలేదు. వదిలేసి కళ్ళు తెరిచాడు. కాళ్ళ కింద పొడి. పైపు గాలి ఊదుతూనే ఉంది. మోటారు మూలుగు కీచుగా మారింది, కీచు అరుపుగా మారింది. వైర్లు కాలే వాసన వచ్చింది. బయట ట్రాన్స్‌ఫార్మర్ మీద డబ్‌మని ఫ్యూజు ఎగిరిపోయింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. ఫ్యాన్లు ఆగాయి. లైట్లు ఆరాయి. జామర్ గుయ్యిమనడం లేదు.

వరప్రసాదం బలపాన్ని పటుక్కున కొరికాడు.

* * *

బస్సు ఇంజను స్టార్టయింది. గేటు కిర్రుమంది. సంపులో వరప్రసాదం పది నిమిషాలు లెక్కపెట్టడం మానేసి తాడును గోడకు రాస్తున్నాడు.

మూత తాళం తిరిగింది. వెలుగు మీద పడింది. ఆ వెలుగులో ఆకుపచ్చ చీర.

“కర్పూరం దిగింది,” అంది చంద్రిక. చేతిలో కత్తి. “అక్కడ గన్‌మెన్ వింటున్నారు. అందుకే అప్పుడు చెప్పలేదు. చేతులు ఇలా పెట్టండి.”

“మీరు నన్ను ముంచబోయారు.”

“మూడు రోజులుగా ఇక్కడ ట్యాంకరు నీళ్ళతో స్నానం చేస్తున్నాను. ఖూ ఇవాళ పొద్దున వచ్చాడు. బోరు ఉంటే నీళ్ళుంటాయని వాడు నమ్మాడు.” ఆమె అతన్ని పైకి లాగి కత్తిని కాళ్ళ తాడు మీదకు దించింది. “మీరు కూడా నమ్మారా?”

వరప్రసాదం గేటు వైపు పరుగెత్తాడు.

గేటుకు అడ్డంగా ఒక లారీ నిలబడింది. నిండా పలకలు. బానెట్ ఎత్తి వీరభద్రయ్య ఇంజనులోకి తల పెట్టి ఉన్నాడు. ఆయన వెనక పలకల కట్టలు దించుతున్న కూలీలు నలుగురూ మామూలు కూలీల్లా లేరు.

“లారీ తియ్ పెద్దాయనా,” బస్సు డ్రైవరు అరిచాడు.

“ట్రబులిచ్చింది నాయనా. కాసేపు ఉండు.”

ఖూకు అర్థమైంది. బస్సు మెట్టు మీద నిలబడి పాస్‌పోర్టుల సంచి చంకన పెట్టుకుని పిస్టలు తీశాడు. ముందు సీట్లో ఉన్నది సావిత్రి. పిస్టలు ఆమె కణతకు ఆనింది.

“లారీ తీయమను. మూడు లెక్కపెడతాను.”

వీరభద్రయ్య బానెట్ లోంచి తల తీశాడు. మేనమామ, మేనకోడలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన స్పానరు కింద పెట్టాడు.

“ఒకటి,” అన్నాడు ఖూ. “రెండు.”

మూడు అనేలోపు వరప్రసాదం వెనక నుంచి బస్సు అద్దం మీద రాయి విసిరాడు. ఖూ తల అటు తిరిగింది. ఒడిలో ఉన్న మార్కాపురం పలకను సావిత్రి రెండు చేతులా ఎత్తి అంచుతో కొట్టింది.

పలక పగల్లేదు. మణికట్టు పగిలింది.

పిస్టలు మెట్ల మీద దొర్లింది. కూలీలు నలుగురూ ఖూ మీద పడ్డారు. గన్‌మెన్ ఇద్దరూ చేతులెత్తారు. పాస్‌పోర్టుల సంచి ఖూ చంకనే ఉంది. కోర్టుకు అంతే కావాలి.

“మామా, నువ్వేంది ఇక్కడ?” అంది సావిత్రి.

“పలకలు అమ్ముకుంటన్నా,” అన్నాడు వీరభద్రయ్య. పక్కకు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

చంద్రిక ఆ పిల్ల చేతిలో ఒక కాగితం పెట్టింది. “హైదరాబాదులో సెమినారు. ఆగ్నేయాసియా సముద్ర వర్తకం మీద. నీ పేపరు పంపు.”

సావిత్రి కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. “ఇది నిజమైందేనా అక్కా?”

“టైపింగ్ టెస్టు లేదు.”

సంకెళ్ళతో జీపు ఎక్కబోతూ ఖూ ఆగాడు. సంపు వైపు, కాలిన మోటారు వైరు వైపు, పొడిగా నిలబడి ఉన్న వరప్రసాదం వైపు చూశాడు. ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

“ఏందంట?” అన్నాడు తాళంచెవుల గుత్తి పట్టుకున్న పిచ్చయ్య.

“మోటారు ఆడింది కదా, నీళ్ళెందుకు రాలేదని అడుగుతన్నాడు తాతా,” అంది సావిత్రి.

పిచ్చయ్య గేటు బార్లా తెరిచాడు.

“చెప్పు ఆయనకు. నాలుగేండ్ల నుంచి మేమూ అదే అడుగుతన్నామని.”