కదిలే వీధి

విశాఖలో ఆ వీధి పొద్దున ఒకలాగా, సాయంత్రం మరొకలాగా ఉండేది. రద్దీని బట్టి కాలిబాట రాతిపలకలు లోపలికి జరిగేవి, మలుపులు సాగేవి, మధ్యగోడ పక్కకు తప్పుకునేది. బండి ఆగి మళ్ళీ కదిలేటప్పుడే పొగ ఎక్కువ. అందుకే ఏ బండీ ఆగకుండా వీధే ఒదిగి దారి ఇవ్వాలన్నది ఇంజనీరు వకుళ ఆలోచన. 2068లో ఆమె దాన్ని నిజం చేసింది. వీధిని నడిపే కంప్యూటర్‌కు మార్గిణి అని పేరు పెట్టింది.

ఏడాది తిరిగేసరికి ఒక్కో బండి పొగ సగమైంది. వీధిలో మొత్తం పొగ మాత్రం పెరిగింది. పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రిలో ఊపిరి అందని పసివాళ్ళతో మంచాలు నిండిపోయాయి. నెలలోగా పొగ తగ్గకపోతే వీధిని మామూలు రోడ్డుగా మార్చేస్తామని నగర సంఘం ఉత్తరం పంపింది.

"ఎక్కడ తప్పాం మార్గిణీ?" అడిగింది వకుళ.

"తప్పలేదు. బండ్లు మూడింతలయ్యాయి. చాలావరకు ఎక్కడికీ వెళ్ళడం లేదు. చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తున్నాయి."

"ఎందుకు?"

"అది నా కొలతల్లో లేదు."

మర్నాడు వకుళ వీధి చివర నిలబడి, ఐదోసారి తిరిగొచ్చిన ఆటోను చెయ్యెత్తి ఆపింది. నడుపుతున్న అప్పలనరసయ్యకు అరవై దాటి ఉంటాయి. వెనక సీట్లో భార్య పైడితల్లి కూర్చుంది.

"ఎక్కడికి బాబాయ్, ఇన్నిసార్లు?"

నరసయ్య సిగ్గుపడ్డాడు. "ఎక్కడికీ లేదమ్మా. ఇంట్లో ఎవరి ఫోను ఆలదే. ఈ దారిలో బండి కుదుపు లేకుండా పోతాది. మా యావిడ, నాను ఊసులాడుకుంటాం."

"నలపై ఏళ్ళలో ఆడిన ఊసులు ఒకెత్తు, ఈ ఏడాదివి ఒకెత్తు," అంది పైడితల్లి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

వకుళకు అప్పుడు అర్థమైంది. తాను పొగ తగ్గించడానికి వేసిన వీధిలో జనం ఒకరికొకరు దొరుకుతున్నారు.

ఆఫీసుకు వెళ్ళి, బండ్లు నడిచే నాలుగు వరుసల్లో రెండింటిని మూసేయమని మార్గిణికి చెప్పింది. అక్కడ చెట్లనీడ, అరుగులు, ఇద్దరు పక్కపక్కన నడిచేంత బాట ఏర్పాటు చేయమంది.

సహోద్యోగి ఫకీరుద్దీన్ కంగారుపడ్డాడు. "అక్కా, బండ్లు ఆగిపోతాయి! ఒక్కోదాని పొగ పెరుగుతుంది!"

"పెరగనీ తమ్ముడూ. మాట్లాడుకోవడానికి బండే ఎక్కాలా? చూద్దాం."

మొదటి వారం హారన్ల మోత, తిట్లు. రెండో వారం కొందరు దిగి నడిచారు. నాలుగో వారానికి పొగ సగానికి పడిపోయింది. ఆసుపత్రి కిటికీలు తెరిచారు. ఓ నర్సు చంటిబిడ్డను ఎత్తుకొచ్చి ఎండలో నిలబడింది.

మార్గిణి కబురు చేసింది: "ఒక లోపం కనిపిస్తోంది. పది నిమిషాల్లో దాటే బాటకు జనం గంట తీసుకుంటున్నారు. అరుగుల దగ్గర ఆగిపోతున్నారు. పలకలు జరిపి తొందరపెట్టమంటారా?"

వకుళ కిటికీలోంచి చూసింది. కింద ఓ అరుగు మీద పైడితల్లి చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. నరసయ్య ఆమె వైపే తిరిగి కూర్చుని వింటున్నాడు.

"వద్దు. ఆగనీ."

"ఎంతసేపు?"

"వాళ్ళ మాటలు అయ్యేదాకా."